తెలియదని రాసిన పేపరు

మా స్కూలు పేపరును ఎవరూ చదివేవారు కాదు. దానికి ఎడిటర్ని నేనే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. మొదటి పేజీలో ప్రిన్సిపల్ మేడమ్ ఎవరికో పూలగుత్తి ఇస్తున్న ఫొటో ఉండేది. రెండో పేజీలో ప్రిన్సిపల్ మేడమ్‌కు ఇంకెవరో పూలగుత్తి ఇస్తున్న ఫొటో. వెనక పేజీ నిండా పిల్లల కవితలు, అన్నీ వాన మీదే. షార్జాలో నాలుగు చినుకులు గట్టిగా పడితే స్కూలుకు సెలవిచ్చేస్తారు, వాన అంత అరుదు. అయినా మా కవయిత్రులు వానను వదిలేవారు కాదు.

అప్పుడు నేను పదకొండో తరగతి. కరోనా రోజులన్నీ తెర ముందు కూర్చుని చదువుకుని, 2022 మొదట్లో మాస్కులు తగిలించుకుని మళ్లీ బెంచీల మీదికి చేరాం. అల్ నహ్దాలో మా ఫ్లాటు. అమ్మ ఆస్పత్రిలో నర్సు, భీమవరం వైపు నుంచి వచ్చింది. నాన్న రాస్ అల్ ఖైమాలో రాళ్ల క్వారీలో మెషీన్ నడిపేవాడు, సెలవులకే ఇంటికొచ్చేవాడు. లాక్‌డౌన్‌లో అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, నాకు తన బైబిలు ముందు పెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది. స్కూల్లో నా రెండో భాష హిందీ. తెలుగు చదవడం రావడం వల్ల ఎప్పుడైనా ఉపయోగం ఉంటుందని మా ఇద్దరికీ తోచలేదు. ఆ రోజుల్లో ఏం చేయాలో తెలియక చేసిన పని అది.

మా అమ్మాయిల విభాగంలో స్టూడెంట్ కౌన్సిల్ ఉండేది. ఒక్కో సెక్షన్‌కు ఒక్కో క్లాస్ లీడర్, వాళ్లందరి మీదా హెడ్ గర్ల్. ఆ ఏడాది హెడ్ గర్ల్ మా సెక్షన్ అమ్మాయే. నెల్లూరు ముస్లింల ఇల్లు, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వాళ్ల నాన్నకు కార్ల గ్యారేజి. పొడుగ్గా, నిటారుగా, ఎవరికీ భయపడకుండా నడిచేది. ఎన్నికైన వెంటనే ఆమె మొదట చేసిన పని నా పేపరు మీద పడటం. మెట్ల మలుపులో ఉన్న పెద్ద బోర్డు మీద మేం పేపరు అతికించేవాళ్లం. ఆ బోర్డు కౌన్సిల్‌కు కావాలంది.

కౌన్సిల్ సమావేశానికి నన్ను పిలిపించి, క్లాస్ లీడర్లందరి ముందూ నిలబెట్టి, "కిందటి నెల పేపరు మొత్తం చదివినవాళ్లు చేతులెత్తండి" అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. నాతో పాటు వచ్చిన నా మలయాళీ స్నేహితురాలు, పేపరుకు బొమ్మలు వేసేది తనే, అది కూడా ఎత్తలేదు.

బయటికొచ్చాక నేను హెడ్ గర్ల్‌ను తెలుగులో కడిగేశాను. తెలుగులో అయితే చుట్టుపక్కల వాళ్లకు అర్థం కాదు.

"బోర్డు నీ సొంతమా? అందరి ముందూ అలా అడుగుతావా?"

"నీ పేపర్లో ఏముండాదని చదవాల్మే? పూలగుత్తులు చూసేదానికి పెళ్లికి పోతే సరిపోలా?" అంది.

ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒక గురువారం యుద్ధం మొదలైంది. ఉక్రెయిన్ ఎక్కడుందో మా స్కూల్లో పిల్లలకు మ్యాపు చూడకుండానే తెలుసు, ఎందుకంటే మా స్కూలు నుంచి ప్రతి ఏడాదీ కొందరు డాక్టరు చదువుకు అక్కడికే వెళ్లేవారు. హెడ్ గర్ల్ వాళ్ల అన్న ఖార్కివ్‌లో నాలుగో ఏడాది చదువుతున్నాడు. ఆ మధ్యాహ్నం స్కూలు బస్సులో ఎవరూ అంత్యాక్షరి ఆడలేదు. బస్సు దిగుతూనే అందరూ ఇళ్లకు పరుగెత్తి ఫోన్లు తీశారు.

షార్జాలో స్కూళ్లకు శుక్ర, శని, ఆదివారాలు సెలవు. అంటే యుద్ధం మొదలైన మర్నాడు నుంచి మూడు రోజులు మేం ఎవరిళ్లలో వాళ్లం, ఫోన్ల ముందు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో గొంతులు మొదలయ్యాయి. ఎవరివో తెలియని గొంతులు, ఏడుస్తున్నట్టుండే గొంతులు. "ఫార్వార్డ్ చేయండి, అందరికీ చెప్పండి." వాటిలో ఒకటి ఖార్కివ్‌లో ఇండియన్ పిల్లలుండే హాస్టలు కూలిపోయిందని చెప్పింది.

శుక్రవారం ఉదయం మా ఫ్లాటు తలుపు చప్పుడైంది. తీస్తే హెడ్ గర్ల్. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమె మా ఇంటికి రావడం అదే మొదటిసారి.

"అమ్మీ ఆ వాయిస్ మెసేజ్ విని పడిపోయింది" అంది. "నీళ్లు చల్లి లేపినాం. గంట తర్వాత అన్నే ఫోన్ చేసినాడు. హాస్టల్ కింద బంకర్లో ఉండాడంట, ఏం కాలేదంట. హాస్టలు కూలనే లేదంట! ఎవరు చెప్పినారమ్మే అది? ఎవరి నోరది?"

అమ్మ ఆమెను సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నైట్ డ్యూటీ చేసి అప్పుడే వచ్చింది అమ్మ. "మా ఆస్పత్రిలోనూ ఇదే గోల" అంది. "మా సిస్టర్లలో ఇద్దరి పిల్లలు అక్కడే ఉన్నారు. ఒకళ్లేమో అయిపోయిందంటారు, ఇంకొకళ్లేమో విమానం వచ్చేసిందంటారు. ఏది నమ్మాలో తెలీక వాళ్లు తిండి మానేశారు."

హెడ్ గర్ల్ టీ కప్పు కింద పెట్టి నా వైపు తిరిగింది. "నీకు పేపర్ ఉండాది కదా. దాన్ని దేనికి పెట్టుకోనుండావు?"

పోట్లాటకు రాలేదని ఆమె గొంతే చెప్పింది. నిజంగా అడుగుతోంది. ఎవరూ చదవని పేపరుకు ఎడిటర్‌గా ఉన్న అన్నాళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది.

అక్కడే, మా డైనింగ్ టేబుల్ దగ్గర, మలయాళీ స్నేహితురాల్ని కూడా పిలిపించుకుని పని మొదలుపెట్టాం. మొదట నియమం రాసుకున్నాం. అక్కడున్న అన్నతోనో అక్కతోనో ఇంట్లోవాళ్లు స్వయంగా మాట్లాడితేనే ఆ మాట వేస్తాం. ఎవరో పంపింది, ఎవరో విన్నది వేయం. పేపరు ఒకటే కాగితం. దాని మీద రెండు భాగాలు. పై భాగం పేరు 'తెలిసింది'. కింది భాగానికి ఏం పేరు పెట్టాలో చాలాసేపు తోచలేదు.

"పుకార్లు అని పెడదాం" అన్నాను.

"వద్దు. పుకారంటే అబద్ధమని మనమే తేల్చినట్టు" అంది మలయాళీ స్నేహితురాలు హిందీలో. "అది అబద్ధమో కాదో కూడా మనకు తెలీదుగా."

దాంతో కింది భాగానికి 'ఇంకా తెలియదు' అని పేరు పెట్టాం.

వార్తలు ఎలా వస్తాయన్నది అసలు సమస్య. నేను ఎవరికి ఫోన్ చేయాలో తెలియక తల పట్టుకుంటే హెడ్ గర్ల్ నవ్వింది, ఆ ఉబ్బిన కళ్లతోనే. ప్రతి సెక్షన్‌లో ఆమెకు ఒక క్లాస్ లీడర్ ఉంది. వాళ్లందరికీ మెసేజ్ పెట్టింది. సాయంత్రానికల్లా ఎవరి ఇంట్లో ఎవరు అక్కడున్నారో, ఎప్పుడు మాట్లాడారో, ఏ ఊళ్లో ఉన్నారో వచ్చేసింది. కౌన్సిల్ అంటే అసెంబ్లీలో వరసలు సరిచేసేవాళ్లని అనుకునేదాన్ని. ఆ సాయంత్రం చూస్తే అది మా స్కూలంతా అల్లుకుని ఉన్న ఒక వార్తా సంస్థ. మాకే ఇన్నాళ్లూ తెలియలేదు.

సోమవారం ఉదయం ఇంగ్లీషులో అచ్చు తీసిన ఆ కాగితాన్ని మెట్ల మలుపులో బోర్డు మీద అతికించాం. మొదటి బెల్లు కొట్టేసరికి మెట్లు కనపడలేదు, అంతమంది పిల్లలు. ఎవరూ అరవడం లేదు. ముందున్నవాళ్లు చదివి వెనకవాళ్లకు చెబుతున్నారు. ఒకమ్మాయి కళ్లద్దాల మీద ఆవిరి తుడుచుకుంటూ మా అక్క పేరుంది, మా అక్క పేరుంది అని గొణుక్కుంటోంది.

రెండో పీరియడ్‌కు సూపర్‌వైజర్ మేడమ్ ఆ కాగితాన్ని చింపి చేత్తో పట్టుకుని మా క్లాసుకు వచ్చారు. ఆవిడ లక్నో ఆవిడ, మనసు చెడ్డది కాదు, భయం ఎక్కువ. "ఇది న్యూస్ ఛానల్ కాదు, స్కూలు. ఇక్కడ పుకార్లు పంచితే ఏమవుతుందో తెలుసా మీకు? పోలీసులు స్కూలుకు వస్తారు. ఖలాస్! ఇంకొక్క కాగితం కనపడకూడదు."

ఆవిడ చెప్పిందీ నిజమే. ఈ దేశంలో పుకార్లు పంచేవాళ్లను ఊరికే వదలరు. అందుకే మేం వాటిని వేయలేదని చెబుదామని నోరు తెరిచేలోగా ఆవిడ వెళ్లిపోయారు.

లంచ్‌లో హెడ్ గర్ల్ నా చెయ్యి పట్టుకుని ప్రిన్సిపల్ గదికి లాక్కుపోయింది. ప్రిన్సిపల్ మేడమ్ తమిళావిడ, మెల్లగా మాట్లాడతారు, మాట తక్కువ. సూపర్‌వైజర్ మేడమ్ ఇచ్చిన ఆ చిరిగిన కాగితం అప్పటికే ఆవిడ బల్ల మీద ఉంది. రెండు ముక్కలనూ కలిపి పెట్టుకుని చదువుతున్నారు.

"ఇందులో ఒక్క వాక్యం తప్పయితే ఎవరు జవాబు చెప్పాలి?" అన్నారు తలెత్తకుండానే.

"నేను" అన్నాను. "కానీ మేడమ్, మాకు తెలియనిది తెలిసినట్టు ఒక్క మాట కూడా రాయలేదు. తెలియనిదంతా కింద ఉంది."

ఆవిడ కింది భాగం మళ్లీ చదివారు. మిగతా హాస్టళ్ల సంగతి అందులో ఉంది. 'రైళ్లు నడుస్తున్నాయో లేదో ఇంకా తెలియదు. విమానం ఎప్పుడో ఇంకా తెలియదు.' చదివి కుర్చీలో వెనక్కి వాలారు.

"ఇద్దరు అమ్మాయిలు వచ్చి అడిగితే కుదరదంటాను. కౌన్సిల్ అడిగితే ఆలోచిస్తాను."

ఆఖరి పీరియడ్‌లో కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమైంది. సూపర్‌వైజర్ మేడమ్ వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. పెద్ద క్లాసుల లీడర్లు అటూ ఇటూ వాదించారు. పరీక్షలు దగ్గరపడ్డాయని ఒకరు, ఇంట్లో ఒప్పుకోరని ఒకరు. అప్పుడు ఆరో తరగతి లీడర్ లేచింది. బల్ల మీదుగా తల మాత్రమే కనపడుతోంది.

"మా క్లాసులో ఒకమ్మాయి పొద్దున్నుంచీ ఏడుస్తోంది. వాళ్ల అన్న అక్కడున్నాడు. అందరూ మాటిమాటికీ పోయి అదే అడుగుతున్నారు, అడిగినప్పుడల్లా అది మళ్లీ ఏడుస్తోంది. ఈ పేపరుంటే మేం దాన్ని అడగక్కర్లేదు, చదువుకుంటాం" అంది.

ఇంకెవరూ వాదించలేదు. హెడ్ గర్ల్ చేతులెత్తమంది. గదిలో ప్రతి చెయ్యీ లేచింది. తిరిగి చూస్తే వెనక వరసలో సూపర్‌వైజర్ మేడమ్ కట్టుకున్న చేతులు విప్పి, కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. మర్నాటి నుంచి ప్రతి కాగితాన్నీ అచ్చుకు ముందు ఆవిడే చదివి సంతకం పెట్టారు. ఎడిటింగ్ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆవిడే. 'సురక్షితంగా ఉన్నాడు' అని రాస్తే కొట్టేసి, 'ఉదయం మాట్లాడినప్పుడు సురక్షితంగా ఉన్నాడు' అని రాయించేవారు.

తెలుగు పేజీ ఆ వారంలోనే పుట్టింది. హెడ్ గర్ల్ వాళ్ల నాన్నకు ఇంగ్లీషు రాదు. ఇంటికి తీసుకెళ్లిన కాగితాన్ని కూతురితో మళ్లీ మళ్లీ చదివించుకుంటున్నాడట. "నా నోటితో చెప్పతా ఉంటే ఆయనకు అనుమానం" అంది. "నేను దాస్తా ఉండానేమో అని. ఆయనంతట ఆయన చదువుకోవాలమ్మే. నీకు తెలుగు రాయడం వచ్చు కదా?"

ఆ సాయంత్రం అమ్మా నేనూ కూర్చున్నాం. ఇంగ్లీషు వాక్యాన్ని ముందు పెట్టుకుని నాకు తోచిన పెద్ద పెద్ద మాటలన్నీ రాశాను. ఆశ్రయము, సరిహద్దు ప్రాంతము, రాయబార కార్యాలయము. అమ్మ చదివి మొహం అదోలా పెట్టింది.

"ఇదేంటే, చర్చిలో ప్రకటనలా ఉంది! కొడుకు కోసం ఏడ్చే మనిషికి ఆశ్రయము ఏంటి? 'కింద గదిలో ఉన్నారు, వెచ్చగా ఉంది, రొట్టె ఉంది' అని రాయి. వాళ్లకు కావలసింది అదే. తిన్నాడా, పడుకున్నాడా."

నర్సు కదా, రోగి బంధువులు ఏమడుగుతారో తనకు బాగా తెలుసు. ఆ తర్వాత నాలుగు భాషల పేపర్లలోనూ 'తిన్నారా' అన్న వార్త తప్పనిసరిగా వేశాం. మలయాళం మా బొమ్మల స్నేహితురాలు రాసేది. ఉర్దూకు తొమ్మిదో తరగతి లీడర్ దొరికింది. అల్ నహ్దా కిరాణా కొట్లలో, ఆస్పత్రి నర్సుల గదిలో, గ్యారేజీలో మా కాగితం గోడలెక్కింది.

మార్చి మొదటి వారంలో ఖార్కివ్ నుంచి పిల్లలు కదిలారు. కొంత దూరం నడిచి, దొరికిన రైలెక్కి, పడమటి సరిహద్దు వైపు. హెడ్ గర్ల్ వాళ్ల అన్న రైలెక్కే ముందు ఒక్క మాట మాట్లాడాడు. ఆ తర్వాత ఫోన్ పనిచేయలేదు. మర్నాడూ పనిచేయలేదు. గ్రూపుల్లో మళ్లీ గొంతులు లేచాయి, ఈసారి రైలు గురించి.

ఆ ఉదయం పేపరు కూర్చడానికి స్టోర్ రూమ్‌లో కలిశాం. హెడ్ గర్ల్ వాళ్ల అన్న సంగతి ఎక్కడ వేయాలో నాకు అడగడానికి నోరు రాలేదు. ఆ రోజుకు ఆ పేరు వదిలేద్దామని మెల్లగా అన్నాను.

"ఏం, నియమం నాకు లేదా?" అంది. పెన్ను తీసుకుని తనే కింది భాగంలో రాసింది. రైలెక్కాడు, తర్వాత ఎక్కడున్నాడో ఇంకా తెలియదు, అని. రాసి, "తెలుగులో కూడా నేనే చెప్తా, నువ్వు రాయి" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

ఆ రోజు మెట్ల దగ్గర ఆ కాగితం చదివిన ప్రతి అమ్మాయీ ఆమెను దాటి వెళ్లేటప్పుడు భుజం మీద చెయ్యి వేసి వెళ్లింది. ఎవరూ ఏమీ అడగలేదు. రైలు గురించి ఆ పుకారు మా స్కూల్లో ఒక్క నోట కూడా వినపడలేదు. తెలియదని అచ్చులో చూశాక, తెలిసినట్టు మాట్లాడటం ఎవరికీ చేతకాలేదు.

మర్నాడు ఫిజిక్స్ పరీక్ష. హాలంతా నిశ్శబ్దం. సగంలో తలుపు తెరుచుకుంది. ప్రిన్సిపల్ మేడమ్. పరీక్ష మధ్యలో ఆవిడ ఎప్పుడూ రారు. చేతిలో ఆఫీసు కార్డ్‌లెస్ ఫోన్ ఉంది. గబగబా నడిచి హెడ్ గర్ల్ బెంచీ దగ్గరికి వచ్చి, ఒక్క మాట కూడా చెప్పకుండా ఫోన్ ఆమె చెవికి ఆనించారు.

"అబ్బా?" అంది హెడ్ గర్ల్. ఫోన్లో వాళ్ల నాన్న. తర్వాత లేచి నిలబడి, హాలు మొత్తానికి వినపడేలా, ముందు నెల్లూరు తెలుగులో, "దాటేసినాడు! పోలండ్‌లో ఉండాడు! వేడివేడి సూప్ తాగతా ఉండాడు!" అని అరిచింది. తర్వాత గుర్తొచ్చి ఇంగ్లీషులో చెప్పింది. అప్పటికే ఆ అవసరం లేదు. హాలు బద్దలైంది. బెంచీలు చరుస్తున్నారు, మాస్కులు గాల్లోకి ఎగురుతున్నాయి. కాపలా ఉన్న టీచరు అందర్నీ కూర్చోమంటూనే తను కూడా చప్పట్లు కొడుతోంది. ప్రిన్సిపల్ మేడమ్ గడియారం చూసి, ఇంకో పావుగంట ఎక్కువ ఇవ్వమని చెప్పి వెళ్లారు. నాకు తెలిసి ఆ స్కూలు చరిత్రలో పరీక్షకు సమయం పెంచడం అదొక్కసారే.

అటు తర్వాత ఒక్కొక్కరే దాటారు. కొందరు రుమేనియా, కొందరు హంగరీ. ఒక్కో పేరూ కింది భాగం నుంచి పైకి ఎక్కుతుంటే మెట్ల దగ్గర చప్పట్లు మోగేవి. చివరికి మా స్కూలు ఇళ్లలోని పిల్లలందరూ క్షేమంగా బయటపడ్డారు.

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలయ్యాక హెడ్ గర్ల్ వాళ్ల అన్న షార్జా వచ్చి, మా అసెంబ్లీలో మాట్లాడాడు. సన్నగా అయిపోయాడు. తన గురించి తక్కువ చెప్పాడు. హాస్టల్ వార్డెన్ అయిన పెద్దావిడ గురించి చెప్పాడు. ఆవిడ వాళ్లందరికీ కింద గదిలో రొట్టె కోసి పెట్టిందట, వాళ్లు బయల్దేరేటప్పుడు తన శాలువా ఒక అమ్మాయికి కప్పి పంపిందట, తను మాత్రం అక్కడే ఉండిపోయిందట. ఇప్పుడెలా ఉందో తెలియదన్నాడు.

ఆ వారం పేపర్లో 'ఇంకా తెలియదు' భాగం మళ్లీ వచ్చింది, ఆవిడ కోసం. దాన్ని నాలుగు భాషల్లోనూ వేశాం. ఆవిడ హాస్టల్లో ఉండి చదివిన పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు, వాళ్లలో వాళ్లు వెతుక్కున్నారు. కొన్నాళ్లకు ఒకరికి సమాధానం దొరికింది. ఆవిడ పల్లెలో కూతురింటికి చేరింది. ఆ వార్తను మొదటి పేజీలో వేశాం, పూలగుత్తులుండే చోట.

ఆ టర్మ్‌లోనే కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. పేపరు ఇకపై కౌన్సిల్ చేతిలోనూ ఉండదు, ఎవరి చేతిలోనూ ఉండదు. ఏం వేయాలో పేపరువాళ్లే నిర్ణయిస్తారు. మెట్ల మలుపు బోర్డు పేపరుది. ప్రతిపాదించింది హెడ్ గర్ల్. చేతులు లెక్కపెట్టాల్సిన పనే లేకపోయింది. స్టోర్ రూమ్ ముందు పేపర్లో చేరతామని వచ్చిన జూనియర్లు వరండా చివరిదాకా నిలబడ్డారు. ఆరో తరగతి లీడర్ కూడా వచ్చింది, అప్పటికి ఏడుకు వచ్చేసింది. రిపోర్టర్ని చేశాం.

పిల్లలందరూ వచ్చేశారు కాబట్టి తెలుగు పేజీ ఆపేద్దామనుకున్నాను. పన్నెండో తరగతి, చదువు బోలెడుంది. ఆపేసిన వారం హెడ్ గర్ల్ వాళ్ల నాన్న గ్యారేజి నుంచి నాకే ఫోన్ చేశాడు. వెనక ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"పాపా, ఈ వారం పేపర్ రాలేదే?"

"అందరూ వచ్చేశారు కదండీ అంకుల్, ఇక వార్తలేముంటాయి?"

"ఏముంటాయా! మీ స్కూల్లో ఏం జరగతా ఉండాదో మాకు తెలియబళ్లా? పిల్లకాయలు ఎంత అడిగినా మాకు ఏమీ చెప్పరు. ఇక్కడ మా కుర్రోళ్లు టీ తాగతా అడగతా ఉండారు, పేపర్ ఏదని. యల్లా, తొందరగా రాసి పంపీ!"

మర్నాడు పంపాను. క్యాంటీన్ సమోసాల మీద ఏడో తరగతి రిపోర్టర్ రాసిన ఘాటైన వార్త అది, నా తెలుగులో.